సీటీ లేని నక్షత్రం

కుక్కర్ మూడో సీటీ వేయబోతోంది. గరిటె కాడతో దాని నెత్తిమీది బరువును ఒక్క క్షణం అదిమిపెట్టి, "చూడు బిడ్డా, ఇప్పుడు ఆవిరి బయటికి పోతలేదు. లోపల ఏమయితది?" అని అడిగాను. వంటింటి గడప దగ్గర నేలమీద చార్టు పరుచుకుని కూర్చున్న నా కూతురు తల ఎత్తలేదు. సూర్యుడికి ఎర్ర రంగు వేస్తూనే, "డాడీ బాయిలర్ లెక్కయితది. దాని సీటీ గూడ బంద్ చేసిన్రు గద," అంది.

గరిటె తీసేశాను. ఆవిరి బుస్సుమని లేచింది. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

భయపడని రోజంటూ నాకు లేదు. పడుకునే ముందు గ్యాస్ నాబ్ మూడుసార్లు చూస్తాను. స్కూలు వ్యాను రెండు నిమిషాలు ఆలస్యమైతే బాల్కనీలో నిలబడి రోడ్డు చివరిదాకా చూస్తాను. మా ఆయన నన్ను 'భయం డబ్బా' అంటాడు. పిల్లలు కూడా ఆ మాట నేర్చుకున్నారు. నా భయాలన్నీ గుండెదడతో మొదలవుతాయి, కాసేపటికి వాటంతటవే పోతాయి. ఆ సాయంత్రం మాత్రం దడ పుట్టలేదు. పరీక్షలో లెక్క చివరి వరుసకు వచ్చినప్పుడు ఉండే నిశ్శబ్దం లాంటిది ఏదో తలలో నిండింది. దాంతోనే ఇది నా మామూలు భయం కాదని తెలిసింది.

మేముండేది సూరత్‌లో, పర్వత్ పాటియాలో, రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మా ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. వాళ్ల అన్న మగ్గాల పనికి ఇక్కడికి వస్తే వెనకాలే ఈయనా వచ్చాడు. ఐటీఐ చదివి ఉండడంతో పల్సానాలో బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో బాయిలర్ దగ్గర కుదిరాడు. తర్వాత పరీక్ష రాసి బాయిలర్ అటెండెంట్ అయ్యాడు. బొగ్గు మంట, నీటి మట్టం, ఆవిరి ఒత్తిడి, పన్నెండు గంటలూ ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. నేను కరీంనగర్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేశాను. ఇక్కడ ఇంట్లోనే ట్యూషన్లు చెబుతాను. మాకు పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు.

మర్నాడు స్కూల్లో సైన్స్ ప్రదర్శన. కూతురు 'సూర్యుడి జీవితకథ' ఎంచుకుంది. ఎంచుకోవడం వెనక కూడా భయమే ఉంది. ఎప్పటికో సూర్యుడు ఉబ్బి ఎర్రగా మారి భూమిని మింగేస్తాడని టీచర్ చెప్పిందట. రెండు రోజులు సరిగా తినలేదు. భయంలో అది నా బిడ్డే. దాని భయం తీర్చాలంటే దాచకుండా పూర్తిగా చెప్పడమే మంచిదనిపించింది. పైగా అది నాకు బాగా తెలిసిన విషయం. ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో నా సెమినార్ దీని మీదే. చార్టు మీద ఆరు గళ్లు గీయించాను.

మొదటి గడిలో ఇప్పటి సూర్యుడు. అందులో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. నడిమధ్యలో హైడ్రోజన్ మండి హీలియం అవుతుంది. మంట కొంచెం ఎక్కువైతే అక్కడి వాయువు వ్యాకోచిస్తుంది. వ్యాకోచించగానే చల్లబడుతుంది. చల్లబడితే మంట తగ్గుతుంది. ఎవరూ చూడనవసరం లేదు, తనను తానే సరిచేసుకుంటుంది. "అంటే కుక్కర్‌కు సీటీ ఉన్నట్టు," అన్నాను. కూతురికి ఆ పోలిక నచ్చింది.

రెండో గడిలో, కొన్ని వందల కోట్ల ఏళ్ల తర్వాతి సూర్యుడు. నడుమ హైడ్రోజన్ అయిపోతుంది. మిగిలిన హీలియం పొయ్యిలో బూడిదలా పోగుపడుతుంది. మంట ఆ బూడిద చుట్టూ ఒక పొరలా మండుతుంది. పై భాగమంతా ఉబ్బి, చల్లబడి, ఎర్రబడుతుంది. అదే రెడ్ జెయింట్. బయటి నుంచి చూస్తే పొంగిపోతున్న నక్షత్రం. లోపల మాత్రం ఆ హీలియం ముద్ద తన బరువుకు తానే నలిగిపోతూ ఉంటుంది. ఎలక్ట్రాన్లకు కదలడానికి చోటు లేనంత ఇరుకు. ఆ ఇరుకులో ఒక వింత జరుగుతుంది. వేడికీ ఒత్తిడికీ సంబంధం తెగిపోతుంది. ఎంత వేడెక్కినా ఆ ముద్ద వ్యాకోచించదు. సూర్యుడికి రెండింతల కన్నా బాగా బరువైన నక్షత్రాల్లో హీలియం నెమ్మదిగానే అంటుకుంటుంది. ఈ కష్టం సూర్యుడిలాంటి తక్కువ బరువు వాటికే.

"అంటే సీటీ పనిచెయ్యదన్నట్టు," అంది కూతురు.

"మరి పది కోట్ల డిగ్రీలకు హీలియం అంటుకుంటది. అంటుకుంటే వేడి పెరుగుతది. వ్యాకోచం లేదు గనక చల్లబడదు. ఇంకా జోరుగ మండుతది. ఇంకా వేడి. కొన్ని నిమిషాల్లనే అంతా అయిపోతది. దాన్నే హీలియం ఫ్లాష్ అంటరు. అది నీ మూడో గడి."

అది అర్థమయ్యేలా చూపిద్దామనే కుక్కర్ బరువు అదిమిపెట్టాను. దానికి బిడ్డ ఇచ్చిన జవాబే పైన రాసింది.

సీటీ అనే మాట దగ్గర నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో సీటీ అంటే మూడు. కుక్కర్ కూత ఒకటి. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్ ఒకటి. మూడోది, బాయిలర్ మీది సేఫ్టీ వాల్వ్. లోపల ఒత్తిడి హద్దు దాటితే తనంతట తాను తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేది అదే. మా ఆయనతో పనిచేసే వాళ్లంతా దాన్ని సీటీ అనే అంటారు. నాలుగు రోజుల ముందు అన్నం తింటూ ఆయన, "సీటీ బంద్ చేసిన్రు," అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు సైరన్ మోత భరించలేకపోతున్నారని అంతకు ముందు వారమే ఆయన చెప్పి ఉన్నాడు. నేను ఆ సైరనే అనుకున్నాను.

"మంచిగయింది. చెవులు తూట్లు పడుతుండె అన్నవ్ గద," అన్నాను.

ఆయన నా వైపు ఒక మాదిరిగా చూశాడు. తర్వాత మజ్జిగ పోసుకుని తినేసి లేచాడు. నేను ఇంకో ప్రశ్న అడుగుతానని ఎదురుచూశాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

కూతురు పొరపాటు పడలేదు. దసరాకు మిల్లులో యంత్రాల పూజ చేసినప్పుడు ఇంటివాళ్లను లోపలికి రానిచ్చారు. చిన్నోడికి జ్వరమని నేను వెళ్లలేదు. కూతుర్ని ఆయన తీసుకెళ్లాడు. బాయిలర్‌కు బొట్టు పెట్టించి, పైన ఉన్న ఆ వాల్వ్ చూపించి, "ఇగో, ఇదే సీటీ. మమ్ముల కాపాడేది ఇదే," అన్నాడట.

"బంద్ చేసిన్రని నీకెట్ల తెలుసు?"

"ఆ దినం డాడీ చెప్పలేదా? నువ్వు మంచిగయింది అన్నవ్ గద మమ్మీ." అప్పటికి తల ఎత్తింది. నా ముఖంలో ఏం కనిపించిందో, స్కెచ్ పెన్ను మూత పెట్టేసింది. "మమ్మీ, సూర్యుడి కాడ ఎవ్వలు ఉండరు. డాడీ బాయిలర్ కాడ ఏడ నిలవడ్తడు?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్లు గేటు దగ్గరి పెట్టెలో పెట్టాలి. ఫోన్ మోగితే మీటర్ మీది నుంచి చూపు తప్పుతుందని మిల్లు వాళ్ల నియమం. చూపు తప్పితే ప్రమాదమని తెలిసినవాళ్లే వాల్వ్ మూయించారు. ఇంకోసారి చేశాను. అదే మోత.

ఎదురింటి గుజరాతీ ఆవిడను మేం బెన్ అంటాం, పిల్లలు మాసీ అంటారు. ఆమె గుమ్మంలో మెంతికూర తెంపుతోంది. మిల్లుకు వెళ్లాలి, పిల్లల్ని చూడమన్నాను. ఎందుకని అడగలేదు. "తూ జా బెన్, ఛోకరాఓ మారీ పాసే ఛే," నువ్వు పో, పిల్లలు నా దగ్గరుంటారు, అని నా కొడుకు చేతిలో ఒక మెంతికూర కట్ట పెట్టి కూర్చోబెట్టుకుంది. చెప్పులు వేసుకుంటుంటే వాడు వెనకనుంచి, "భయం డబ్బా చాలూ హో గయా," మళ్లీ మొదలైంది, అన్నాడు. అక్క వాడి నెత్తిన మొట్టింది.

షేరింగ్ ఆటోలో కడోదరా దాకా, అక్కడ ఇంకో ఆటో. పక్కన ఇద్దరు ఆడవాళ్లు చీరల మూటలు ఒళ్లో పెట్టుకుని ఎవరి పెళ్లి గురించో నవ్వుకుంటున్నారు. నేను నా సెమినార్ గురించి ఆలోచిస్తున్నాను. ఆ రోజు మా లెక్చరర్ ఒకే ప్రశ్న వేశారు. "అంత శక్తి విడుదలైతే బయటికి ఏం కనిపిస్తుంది?" నేను తడుముకోకుండా, "ఏమీ కనిపించదు సార్," అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, నా జవాబు సరైనదే. ఆ కొన్ని నిమిషాలు నక్షత్రం నడుమ పుట్టే శక్తి ఊహకు అందదు. కానీ ముందు ఆ ఇరుకును విప్పడానికే దాదాపు అంతా ఖర్చవుతుంది. మిగతాది పైనున్న అంత మందమైన పొరలు మింగేస్తాయి. అక్కడితో హీలియం మళ్లీ మామూలు వాయువులా వ్యాకోచిస్తుంది. అంటే సీటీ తిరిగి పనిచేస్తుంది. నక్షత్రం బతుకుతుంది.

నక్షత్రానికి అంత మందం ఉంది. బాయిలర్ హౌస్‌కు రేకుల కప్పు ఉంది.

పల్సానా దగ్గర పడుతుంటే మిల్లుల పొగగొట్టాలు కనిపించాయి. మాది ఎరుపు తెలుపు పట్టీలున్నది. దాని నుంచి పొగ తిన్నగా పైకి పోతోంది. పొగ ఉందంటే అంతా బాగుందని అనుకున్నాను. వెంటనే, పొగ ఉందంటే కింద మంట ఉందని గుర్తొచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. "అందర్ జానా మనా హై భాభీజీ, డ్యూటీ చల్ రహీ హై," అని డ్యూటీ వేళ లోపలికి పోనివ్వనన్నాడు. పిల్లాడికి బాగాలేదని అబద్ధం చెబితే పరుగున పిలుచుకొస్తాడు. అది నా నోట రాలేదు. పిల్లల మీద పెట్టి అలాంటి మాట అంటే నిజమవుతుందన్న భయం నాది. వాల్వ్ సంగతి అక్కడ పైకి అంటే అది ముందు మేనేజర్ చెవిన పడుతుంది. అందుకని హిందీలో ఇలా చెప్పాను: "ఇంట్లో కుక్కర్ సీటీని ఎవరో తీగతో కట్టేశారు, స్టవ్ మాత్రం వెలుగుతూనే ఉంది. ఏం చేయమంటారో అడిగి రా. అంతే చెప్పు."

వాచ్‌మన్ పగలబడి నవ్వాడు. "కుక్కర్ కే లియే ఇత్నీ దూర్ ఆయీ?" కుక్కర్ కోసం ఇంత దూరం వచ్చావా అని. లోపలికి పోతూ ఇంకెవరికో కూడా చెప్పాడు. అవతలి నుంచి మరో నవ్వు వినిపించింది.

మా ఆయన నవ్వకుండా వచ్చాడు. మోచేతుల దాకా బొగ్గు నలుపు, మెడలో తడి తువ్వాలు. గేటు చిన్న తలుపులోంచి వంగి బయటికి వచ్చి నన్ను గోడవారకు తీసుకెళ్లాడు.

"ఏందే ఇది? పిల్లలేడ?"

"బెన్ దగ్గరున్నరు. సీటీ సంగతి చెప్పు."

"గిట్ల గేటు కాడికొచ్చి అడుగుతరా ఎవలన్న? ఇంటికొచ్చినంక మాట్లాడుకుందం."

"తీగతో కట్టిన్రా?"

"తీగెందుకు కడ్తరు, ఇదేమన్న కుక్కరా?" గొంతు తగ్గించాడు. "రెండున్నయి. ఒకటి కారుతుండె, దానికి ప్లేటేసి మూసిన్రు. ఇంకోటి జల్ది లేస్తున్నదని స్ప్రింగు బిగించిన్రు. అది లేస్తే ఆవిరంత పోతది, మాల్ ఆగుతది. ఐతారం షట్‌డౌన్ ఉంది, ఆ దినం మంచిగ చేస్తరు. మూడొద్దులే గద."

"ఈ మూడొద్దులు ఒత్తిడి ఎక్కువైతే?"

"నేనున్న గద. మీటరు మీదికెల్లి కన్ను తియ్య."

"నీకు తుమ్మొస్తే?"

ఆ మాటకు నవ్వాడు. "తుమ్మితే బాయిలర్ పేలుతదా? నీకు గ్యాస్ నాబ్ గూడ బాంబే. పో, ఇంటికి పో."

నాకు వచ్చిన భాషలోనే చెప్పడానికి ప్రయత్నించాను. "జర ఇనయ్యా. సూర్యుడు గూడ ముసలోడైనంక గిట్లనే..."

"గిప్పుడు సూర్యుడెందుకే నడుమ!"

ఉద్యోగం వదిలెయ్యమనే ధైర్యం నాకు లేదు. ఆ పని వల్లే పిల్లలిద్దరూ మంచి స్కూల్లో ఉన్నారు. నేను నోరు తెరిస్తే మా ఇల్లు ఏమవుతుందో, తెరవకపోతే ఏమవుతుందో, రెండూ నా ముందే ఉన్నాయి. ఆయన తిరిగి గేటు వైపు రెండడుగులు వేశాడు.

"నేను అడుగుత లేను," అన్నాను. "బిడ్డ అడిగింది. డాడీ బాయిలర్ కాడ ఏడ నిలవడ్తడని."

ఆగాడు. "నువ్వేం చెప్పినవ్?"

"నాకు తెల్వదన్న. నేనెప్పుడు చూడలే గద."

"ముంగట్నే," అన్నాడు. చెయ్యి చాపి గోడకూ తనకూ మధ్య దూరం కొలిచినట్టు చూపించాడు. "మీటరుకు ఎదురుంగ. ఇగో, గింత దూరం. నాలుగడుగులు."

ఆ చెయ్యి అలా గాలిలోనే కాసేపు ఉంది. గోడను చూశాడు. చెయ్యి దించి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే నుదురు మరింత నల్లబడింది. ఆయన ముఖంలో కోపం పోయింది. దాని చోట భయం వచ్చింది.

"నువ్వు ఈడ ఉండకు," అన్నాడు. "రోడ్డు దాటు. అవతల చాయ్ బండి ఉంది గద, దాని ఎనుకకు పో. నేను వచ్చేదాంక ఈ గోడ దిక్కు రాకు."

ఇంకేం చెప్పకుండా లోపలికి వెళ్లాడు. అప్పటిదాకా నాది ఒక లెక్క మాత్రమే. ఆ మాటతో ఆయన దానికి జవాబు రాసినట్టయింది.

చాయ్ బండి వెనక ఒక సిమెంటు దిమ్మె ఉంది. కూర్చోలేక నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. బండి అతను అల్లం దంచుతున్నాడు. పొగగొట్టం నుంచి పొగ అలాగే వస్తోంది. మంట ఆపడం అంటే స్టవ్ ఆపినట్టు కాదని ఆయనే ఎప్పుడో చెప్పాడు. బొగ్గు వేయడం ఆపాలి, గాలి పంపే ఫ్యాన్లు ఆపాలి, ఉన్న నిప్పు లాగెయ్యాలి, నీళ్లు మాత్రం పోస్తూనే ఉండాలి. ఆ పనంతా ఆ నాలుగడుగుల దూరంలోనే చేయాలి. ఇప్పుడు వెళ్లి ఆ పని చేయమని నేనే పంపానన్న సంగతి అక్కడ నిలబడ్డాక తట్టింది. పంపకపోతే షిఫ్టు అయ్యేదాకా బాగానే ఉండేవాడేమో. ఒకవేళ ఏదైనా జరిగితే ఇప్పుడే జరుగుతుందేమో.

ఎంతసేపైందో చెప్పలేను. అంతలో ఆ మోత వచ్చింది.

ఆకాశం చినిగినట్టు ఒక్కసారిగా, ఆగకుండా. మిల్లు కప్పు మీద తెల్లటి మేఘం లేచింది. నేను నేలమీద కూర్చుండిపోయాను. చెవులు మూసుకున్నాను, కళ్లు మూయలేదు. కప్పు లేచిపోతుందని చూస్తున్నాను. కప్పు కదలలేదు. మేఘం లేస్తూనే ఉంది, మోత మోగుతూనే ఉంది. చాయ్ బండి అతను వంగి నా భుజం తట్టి, "కుఛ్ నహీ దీదీ, స్టీమ్ ఛోడా హై," అని అరిచాడు. ఒక గొట్టంలోంచి ఆవిరిని కావాలనే బయటికి వదులుతున్నారు. నాకు అప్పటికి అర్థమైంది.

మోత సన్నబడి, ఈల అయి, ఆగిపోయింది. మిల్లు లోపలి యంత్రాల హోరు కూడా ఆగింది. పనివాళ్లు ఒక్కొక్కరే గేటు బయటికి వచ్చి, ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. లోపల ఎవరో హిందీలో గట్టిగా తిడుతున్నారు. మధ్యలో మా ఆయన గొంతు ఒక్కసారి వినిపించింది, తగ్గు స్వరంలో. పొగగొట్టం మీద పొగ పలచబడి, చివరికి ఆకాశం కనిపించింది.

ఆయన బయటికి వచ్చేసరికి చీకటి పడింది. స్నానం చేసి ఉన్నాడు. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో స్టీలు గ్లాసు. ఆ గ్లాసు ఆరేళ్లుగా మిల్లులోనే ఉండేది. దాన్ని చూడగానే పని పోయిందని తెలిసింది. వాచ్‌మన్ ఈసారి నవ్వలేదు, లేచి తలుపు పట్టుకున్నాడు.

ఆటో ఎక్కాం. కడోదరా దాటాక, "కుక్కర్ మంచిగనే ఉందా?" అన్నాడు.

"ఏమో. స్టవ్ ఆపిన్నో లేదో గుర్తు లేదు," అన్నాను. అప్పుడు నిజంగా గుర్తొచ్చింది. ఆ పూట నేను నాబ్ ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను. ఇంటికి వచ్చి చూస్తే నాబ్ ఆపే ఉంది. ఎప్పుడు ఆపానో ఇప్పటికీ తెలియదు.

"నేను ఆపకపోతే ఏమయితుండెనో నాకు తెల్వదు," అని మెట్లెక్కుతూ అన్నాడు. "ఏం కాకపోతుండెనేమో గూడ. ఐతారం దాంక మంచిగనే నడుస్తుండెనేమో."

ఈ మాట దగ్గరే నేను చాలా రోజులుగా ఆగి ఉన్నాను. హీలియం ఫ్లాష్‌ను బయటి నుంచి కళ్లతో చూసినవాళ్లు లేరు. లెక్క కట్టి తెలుసుకున్నదే. తర్వాత నక్షత్రం ఎలా మారిందో చూసి, లోపల అలా జరిగి ఉంటుందని నమ్ముతాం. నాదీ అంతే. జరగని దానికి రుజువు ఉండదు. మా బావగారు, అంటే ఆయన అన్న, వచ్చి, "ఫిజిక్సు చదివిన పిల్లను చేసుకోకురా అన్న, ఇన్నవా? సూర్యున్ని జూసి నౌకరి ఊడగొట్టింది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ రెండుసార్లు అన్నాడు. ఇప్పుడు మా ఆయన సూరత్ అవతల కిమ్‌లో ఒక చిన్న యూనిట్‌కు వెళ్తున్నాడు. దూరం ఎక్కువ, పని ఇంకా ఖాయం కాలేదు. అక్కడ చేరిన మొదటి రోజు రాగానే నేను అడగకముందే, "రెండు సీటీలున్నయి, రెండూ మంచిగున్నయి," అన్నాడు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఇంతకుముందే లేచి నాబ్ చూసి వచ్చాను, మూడుసార్లు.

మిల్లు ఆగిన మర్నాటి పొద్దు మాత్రం, ముందు ఏమవుతుందో ఎవరికీ తెలియని పొద్దు. రోజూ ఆరున్నరకు వెళ్లిపోయే మనిషి ఏడైనా పడుకునే ఉన్నాడు. గోడ వైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, ఎప్పటికన్నా చిన్నగా కనిపించాడు. చిన్నోడు ఆయన కాళ్ల దగ్గర నిలబడి, లేపాలా వద్దా అని నా వైపు చూస్తున్నాడు. కూతురు స్కూలు డ్రెస్సు వేసుకుని చార్టు ముందు కూర్చుంది. నాలుగో గడిలో చిన్నబడి నిదానంగా మండే పసుపు నక్షత్రం, ఐదో గడిలో మళ్లీ ఉబ్బి తన పై పొరల్ని మెల్లగా అంతరిక్షంలోకి వదిలేసేది, ఆరో గడిలో మిగిలిన తెల్లటి చిన్న ముద్ద, అన్నీ వేసేసింది. మూడో గడి కింద మాత్రం ఖాళీ.

"ఫ్లాష్ కింద ఏం రాయాలె మమ్మీ?" అంది. ఆ వెంటనే, చూపు తండ్రి మీదికి తిప్పి, "డాడీ ఎందుకు పోలే? పని పోయిందా?" అంది.

ఇద్దర్నీ వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టాను. దాచకుండా చెప్పడమే మంచిదని ముందురోజు నేనే అనుకున్నాను గనక, అలాగే చెప్పాను.

"పోయింది. ఇయ్యాల డాడీ ఇంట్లనే ఉంటడు, రేపు గూడ. మీకు భయమైతే నాకు చెప్పాలె, నేనేం అనుకోను. నాకు గూడ భయమైతున్నది. బిడ్డా, సూర్యుడి లోపల సీటీ పనిచెయ్యకుంటే ఆపేటోళ్లు ఎవ్వలు ఉండరు. అది గంత పెద్దది గనక తట్టుకుంటది, తర్వాత నిమ్మళమయితది. మనం తట్టుకోం. అందుకే మన దగ్గర మనిషి ఉంటడు. ఫ్లాష్ కింద, లోపల చానా జరిగింది, బయటికి ఏం కనబడలేదు, అని రాయి. ఇగ బడిల ఎవలన్న మీ డాడీ ఎందుకు ఇంట్ల ఉన్నడని అడిగితే, సీటీ బంద్ చేసిన్రు, అందుకే మా డాడీ అగ్గి బంద్ చేసిండు, అని చెప్పున్రి. చిన్నోడా, డాడీని లేపకు. జర పండుకోనియ్యి."